పంతొమ్మిదో సున్నా

బెంచీ అదే. మూడో వరస, గోడవైపు చివర. అరవై ఒక్క ఏళ్ల కింద కాళ్లు నేలకందక ఊగేవి, ఇప్పుడేమో మోకాళ్లు డెస్కు కింద పట్టమని మొరాయిస్తున్నాయి, ఏడాదికోసారి ముడుచుకు కూర్చోవడానికి ఇంత అవస్థా అని దర్జీ మామ్మ తనలో తానే విసుక్కుంది, విసుక్కుంటూనే చేతిసంచిని ఒళ్లోకి లాక్కుని రెండు చేతులూ దాని మీద ఆనించింది, గుడ్డ సంచి లోపల గట్టిగా, పలచగా తగలాల్సింది తగిలింది, ఉందిలే, ఎక్కడికీ పోలేదు. సుద్ద వాసన, తడిసిన ఉన్ని వాసన, ఎవరి జేబులోనో నిన్నటి రొట్టెముక్క వాసన. గోడ గడియారం పదిన్నర దాటి రెండు నిమిషాలు చూపిస్తోంది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటున్నారు, మామూలు రోజైతే ఈ గది తేనెపట్టులా మోగుతుంది, ఇవాళ మాత్రం కుక్కిన పేనుల్లా ఉన్నారు, ఎవరు భయపెట్టారో ఏమో. కిటికీల బయట తల్లులు మునివేళ్ల మీద లేచి అద్దాలకు ముక్కులు ఆనిస్తున్నారు, ఆనించిన చోటల్లా ఊపిరి మచ్చలు. యుద్ధం అయిపోయిన రోజును తలుచుకోవడానికి వచ్చినవాళ్లలా లేరు, పరుగుపందెం చూడడానికి వచ్చినవాళ్లలా ఉన్నారు. పెద్దపెట్టెలోంచి పాత పలకలు తీసి పంచుతోంది కొత్త టీచరు, ఏడాదిలో ఈ ఒక్కరోజే ఆ పెట్టె తెరుస్తారు, పలక చేతికి రాగానే పిల్లలు దాన్ని వాసన చూస్తారు, ఎందుకో అందరూ చూస్తారు. తను కూడా చూసేది. తోక అయితే నాకేది.

తోక అంటే చెల్లెలు. పుట్టినప్పుడు పెట్టిన పేరు వేరే ఉంది గానీ అది గోడమీద రాతిపలకకే పనికొచ్చింది, ఇంట్లో ఎవరూ పిలిచిన పాపాన పోలేదు, అక్క ఎక్కడుంటే చెల్లెలు అక్కడ, అందుకని అమ్మ పొయ్యి దగ్గర నుంచే కేకేసేది, తోక ఎక్కడే అని, వెనక్కి చూసుకోకుండానే ఇక్కడే ఉంది అని చెప్పేది తను. చూసుకోనక్కర్లేదు కదా. నీ తోక నీకు తెలియదా.

కొత్త టీచరు బోర్డు వైపు తిరిగింది. సుద్దముక్క ఒకసారి కీచుమంది, మామ్మ పళ్లు జివ్వుమన్నాయి, బోర్డు మీద ఇరవై తొమ్మిది, దాని కింద ఇంటూ ఆరు, కింద ఒక గీత. ఏటా ఇదే లెక్క. ఈ ఊళ్లో పాలుతాగే పిల్లని లేపి అడిగినా దీని జవాబు చెబుతుంది అనుకుంటారు, కానీ చెప్పరు, ఇళ్లలో ఈ లెక్క చేయించకూడదని కట్టుబాటు, బోర్డు మీద చూసి అప్పటికప్పుడే చేయాలి, చేసినవాళ్లు పలక పట్టుకెళ్లి గుమ్మం దగ్గర టీచరుకు చూపించాలి, ఒప్పయితే బయటికి వెళ్లి ఆవరణలో సున్నంతో గీసిన సున్నాలో నిలబడి కళ్లు మూసుకోవాలి. పంతొమ్మిది సున్నాలు. ముందు చేసిన పంతొమ్మిది మందికి అవి, మిగతావాళ్లు లోపలే. సరిగ్గా పదకొండూ ఇరవైకి ఈలవేస్తారు, ఒక్క నిమిషం ఎవరూ కదలరు, తర్వాత అందరికీ మిఠాయి. తన కూతురికి సున్నా దొరికిందని తల్లులు మర్నాడు చెప్పుకు తిరుగుతారు, దొరకని పిల్లలు రాత్రి ఏడుస్తారు. మొదట్లో ఇదంతా లేదు. మొదటి ఏడాది పంతులమ్మ, అదే, అప్పటి పంతులమ్మ, ఫిరంగి మోతకు చెవులు రెండూ పోయినావిడ, ఆ రోజున వచ్చి బోర్డు మీద ఈ లెక్క రాసి, దానికేసి చూస్తూ కూర్చుండిపోయింది, పిల్లలకు ఏం చేయాలో తోచక లెక్క చేశారు. అంతే. మరుసటేడూ అలాగే. ఆవిడ పోయాక ఎవరో ఈల తెచ్చారు, ఇంకెవరో సున్నాలు గీశారు, ఎక్కడెవరు పడ్డారో ముసలివాళ్లను అడిగి అచ్చం అక్కడే. గేటు పక్కన నాలుగు, మెట్ల దగ్గర రెండు, మధ్యలో ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు పదకొండు, కంచె దగ్గర ఒకటి, కుళాయి గోడ కింద ఒకటి. కుళాయి కిందిది ఆఖరుది. అది తోకది.

ఇది వింతగా ఉందని ఒక్కరికీ అనిపించదా అని మామ్మ ఏటా అనుకుంటుంది. లెక్క వచ్చినవాళ్లు చావుకు, రానివాళ్లు బతుక్కి. పిల్లలతో ఆడించే ఆటేనా ఇది. కానీ తను మాత్రం నోరు విప్పిందా, ఏటా శుభ్రంగా ఇస్త్రీ బట్టలు కట్టుకుని వచ్చి కూర్చోలేదూ. మొదట్లో ఈ బెంచీల మీద ఎనిమిది మంది కూర్చునేవాళ్లు, లోపల మిగిలిపోయి బతికిన ఎనిమిది మంది, లెక్క రాక బతికారు కనుక ఊరు వాళ్లకు మొద్దులని పేరు పెట్టింది. ముద్దుగానే. ఒక మొద్దు రొట్టెల బట్టీ పెట్టాడు, ఒక మొద్దు రైలు నడిపాడు, ఒక మొద్దు ఏకంగా ఊరికి పెద్దయ్యాడు, మొద్దులంతా చేరి ఊరేలుతున్నారని జనం నవ్వుకున్నారు. ఒక్కొక్కరే దాటిపోయారు. కిందటేడు రైలు మొద్దు కూడా పోయాక బెంచీ మీద తనొక్కతే. మొద్దు. ఆ మాట విన్నప్పుడల్లా లోపల ఏదో గోరుతో గీకినట్టుండేది, ఎందుకంటే తను మొద్దు కాదు, తొమ్మిదేళ్లప్పుడు ఈ గదిలో తనను మించిన లెక్కలపిల్ల లేదు, ఇప్పటికీ పదహారు మంది కొలతలు ఒకేసారి తలలో పెట్టుకుని ఎంత గుడ్డ పడుతుందో వేలెడు తేడా లేకుండా చెప్పగలదు, చెప్పదు. కత్తిరించే ముందు కొలతల కాగితం దుకాణం యజమాని ముందు పెట్టి మీరే చూడండి, నాకు కూడికలు తిన్నగా రావు అంటుంది. అరవై ఏళ్లుగా అంటోంది. పెళ్లయ్యాక మొగుడితోనూ అదే మాట, కూతురికి ఎక్కాలు చెప్పమంటే పక్కింటికి పంపింది. ఒక్క అబద్ధం చెప్పినందుకు జీవితమంతా తెలివితక్కువగా బతకాల్సి వచ్చింది, ఇంత శ్రద్ధగా మొద్దయిన మనిషి ఇంకెక్కడైనా ఉంటుందా.

గడియారం పదకొండుకు పన్నెండు తక్కువ. మొదటి పిల్ల లేచింది, రెండు జడల పిల్ల, గుమ్మం దగ్గర పలక ఎత్తి చూపింది, టీచరు తలూపింది, పిల్ల వెలుగులోకి నడిచి గేటు పక్క సున్నాలో నిలబడి కళ్లు మూసుకుంది. ఒకటి. కిటికీ బయట ఒక తల్లి చప్పుడు కాకుండా చప్పట్లు కొట్టింది.

ఆ పొద్దున కూడా ఇలాగే ఎండ. రేడియోలో చెప్పారని ప్యూను పరుగెత్తుకొచ్చాడు, పంతులమ్మ కుర్చీలో కూలబడి నవ్విందో ఏడ్చిందో తెలియలేదు, అయిపోయిందర్రా అంది, యుద్ధం అయిపోయింది. చలికాలం మొదలైనప్పటి నుంచి ఆవరణలోకి పోనివ్వలేదు పిల్లల్ని, రెండో తరగతినీ మూడో తరగతినీ ఈ ఒక్కగదిలో కుక్కి కిటికీలకు దుప్పట్లు కొట్టి పాఠాలు చెప్పింది, గోడ మందం చెయ్యంత, భయం లేదు. ఆవేళ దుప్పట్లు పీకేసింది. పిల్లలంతా గుమ్మానికి అడ్డంపడితే చెయ్యి అడ్డం పెట్టి, ఉండండి, బడి బడే, ఈ ఒక్క లెక్క చేసి చూపించినవాళ్లు పోయి ఆడుకోవచ్చు అంది. పాపం, ఆవిడ మాత్రం ఏం కలగంది. ఊరి అవతల కొండ మీద ఒక ఫిరంగికి యుద్ధం అయిపోయిన కబురు ఇంకా అందలేదని ఆవిడకెవరు చెబుతారు. ఇరవై తొమ్మిది ఆర్లు. ఆరు తొమ్మిదులు యాభై నాలుగు, నాలుగు వేసి ఐదు చేతిలో పెట్టుకోండి అనేది పంతులమ్మ, చేతిలో అంటే చేతిలోనే, మిగిలిన అంకె మరిచిపోకుండా ఎడం చెయ్యి గుప్పెట మూయించేది, పక్క వరస హెచ్చించాక గుప్పెట తెరిచి కలపాలి. అదొక ఆట. గదినిండా చిన్న చిన్న గుప్పిళ్లు. తోకకు మాత్రం గుప్పెట నిలిచేది కాదు, ఈగ వాలితే తెరిచేది, ముక్కు దురద పెడితే తెరిచేది, ఆ ఐదు ఎక్కడో గాల్లో కలిసిపోయేది, ఆవేళా అంతే, నూట ఇరవై నాలుగు అని కోడి కెలికినట్టు రాసి అక్కకేసి చూసింది. రెండో తరగతి పిల్లకు అసలు ఆ లెక్కెందుకు. చూసి ఊరుకుంటే సరిపోయేది. ఊరుకుంటే.

ఏడు. ఎనిమిది. గేటు పక్కవి, మెట్ల దగ్గరవి నిండిపోయి మధ్యవి నిండుతున్నాయి. పిల్లలు వెళ్లేటప్పుడు గంతులేస్తూ వెళ్తారు, సున్నాలో కాలు పెట్టగానే మారిపోతారు, భుజాలు దిగిపోతాయి, నోళ్లు కొంచెం తెరుచుకుంటాయి, గాలికి జుట్టు కదులుతుంది తప్ప మనిషి కదలదు. ఎవరూ నేర్పలేదు అలా నిలబడమని. ఇంకొకటి కూడా ఎవరూ నేర్పలేదు. అది మామ్మ ఒక్కతే చూసింది, ముప్ఫై ఏళ్ల కింద మొదటిసారి చూసి చలికేమోలే అనుకుంది, మరుసటేడు ఎండ మండిపోతున్నా చూసింది. కుళాయి కింద సున్నాలో నిలబడే బిడ్డ, ఆడపిల్ల కానీ మగపిల్లాడు కానీ, ఏ ఇంటి బిడ్డ అయినా సరే, ఎడంచెయ్యి గుప్పెట మూసి నిలబడుతుంది. మిగతా పద్దెనిమిది మంది చేతులు విప్పి ఉంటాయి. ఆ ఒక్క చెయ్యే మూసి ఉంటుంది. ఇప్పటి పిల్లలకు గుప్పెట లెక్క తెలియదు, మిగిలిన అంకెను పైన చిన్నగా రాసుకోమంటారు, పంతులమ్మ పోయి నలభై ఏళ్లయింది. మామ్మ ఎవరికీ చెప్పలేదు. చెబితే మొద్దుకు మతి కూడా పోయిందంటారు.

ఆవేళ తను ఆరోదో ఏడోదో అయ్యేది, అంత తొందరగా చేసేసింది, నూట డెబ్భై నాలుగు, ఏడుకు నడుం మీద అడ్డగీత. ఆ గీత నాన్నది, కలప అడితిలో దుంగలకు నంబర్లు వేసే నాన్న ఒకటీ ఏడూ కలిసిపోకుండా ఏడుకు బెల్టు పెట్టేవాడు, చూసి చూసి తనకూ అలవాటైంది, పంతులమ్మ తిట్టినా పోలేదు. తోక కూడా చేస్తుందేమోనని ఆగి ఆగి, పద్దెనిమిది మంది వెళ్లిపోయాక ఇక లేచి వెళ్లబోతుంటే జాకెట్టు అంచు ఎవరో లాగారు. అక్కా, చూపించవే. కళ్లనిండా నీళ్లు. బయట అందరూ అరుస్తున్నారు, కుళాయి విప్పినట్టున్నారు, నీళ్ల చప్పుడు, నవ్వులు. చూసి రాసుకోవడం కూడా దానికి చేతకాదు, అది రాసేసరికి సాయంత్రమవుతుంది. ఇదిగో, నా పలకే పట్టుకుపో అంది తను. ఎంత తేలికగా అందో. నీది నాకివ్వు, నేను మళ్లీ చేసుకుని వస్తా. పంతులమ్మ అడిగితే ఐదు చేతిలో పెట్టుకున్నానని చెప్పు, గుప్పెట తెరవకు, తెరిచావంటే నమ్మదు. తోక గుప్పెట మూసింది. ఈసారి గట్టిగా, వేళ్ల కొసలు తెల్లబడేంత గట్టిగా. ఒక చేతిలో పలక, ఒక చేయి గుప్పెట, పంతులమ్మ చూసి భేష్ అంది, రెండో తరగతిదానివి నువ్వు చేశావా అంది, అది వెనక్కి తిరిగి ఒకసారి నవ్వి వెళ్లిపోయింది. పంతొమ్మిదోది. తను చెల్లెలి పలక ముందు పెట్టుకుంది, ఆ నూట ఇరవై నాలుగును చూసి నవ్వొచ్చింది, తుడుద్దామని అరచెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి పలకకు తగలనే లేదు.

తర్వాత చప్పుడు గుర్తులేదు. చప్పుడు లేకపోవడం గుర్తుంది. కుళాయి నీళ్లు ఎంతోసేపు అలా పోతూనే ఉన్నాయి.

పలక కుళాయి గోడ కింద బోర్లాపడి దొరికింది, ఒక మూల ఇంత చెక్క లేచిందంతే, లెక్క చెక్కుచెదరలేదు, ఆవరణలోకి పోయిన పంతొమ్మిది పలకల్లో అదొక్కటే మిగిలింది. గుప్పెట తెరుచుకోలేదు. అమ్మ ఒక్కొక్క వేలూ విప్పబోయింది, ఏం పట్టుకుందో నా తల్లి, ఏం పట్టుకుందో అంటూ, రాలేదు, అలాగే పంపేశారు. ఐదు పట్టుకుందమ్మా అని తను చెప్పలేదు. నోట్లో నువ్వుగింజ నానని పిల్ల, ఆ ఒక్కమాట మాత్రం అరవై ఒక్క ఏళ్లు నానబెట్టింది. పలకను అప్పటి హెడ్మాస్టరు వార్నిష్ పూసి అద్దాల పెట్టెలో పెట్టాడు, రెండో తరగతి చదివే బిడ్డ మూడో తరగతి లెక్క ఒప్పు చేసి వెళ్లిందని ఊరూరా చెప్పుకున్నారు, అమ్మకు ఆ మాటే తిండీ నీళ్లూ అయ్యాయి. ప్రతి ఆదివారం వచ్చి అద్దం మీద వేలితో ఆ అంకెలు దిద్దేది, నా చిన్నదాని రాత ముత్యాలే అనేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, గిన్నెలు తోముతూ తోముతూ ఆగి పెద్దదానికేసి చూసి అడిగింది, నీకు లెక్కలు బాగా వచ్చు కదే, నువ్వెందుకు చేయలేకపోయావు అని. తను తలొంచుకుంది. మర్నాటి నుంచి ఏ లెక్కా ఒప్పు చేయలేదు. అమ్మ ఇంకెప్పుడూ అడగలేదు. అడిగితే బాగుండును అని ఎన్ని రోజులు ఎదురుచూసిందో, అడగకుండానే పోయింది అమ్మ, ముత్యాల రాత కూతుర్ని తలుచుకుంటూ. తల్లి సంతోషం పడగొట్టలేక ఊరుకున్నానని కొన్నాళ్లు అనుకుంది. పంపింది నువ్వే కదా అంటుందని భయపడి ఊరుకున్నానని ఆ తర్వాత తెలుసుకుంది.

పదమూడు. పద్నాలుగు. పదకొండూ ఐదు.

మొన్న హెడ్మిస్ట్రెస్సు దుకాణానికొచ్చింది, చిన్న వయసు, మంచిదే, కుర్చీ చివర కూర్చుని మామ్మగారూ ఈసారి మీరు రెండు మాటలు చెప్పాలి అంది. పలకను రాజధాని మ్యూజియానికి తీసుకెళ్తున్నారట, కింద ఇత్తడి రేకు కూడా చెక్కించారట, ఎనిమిదేళ్ల చిన్నారి చేసిన ఆఖరి లెక్క అని. అక్కగా మీరు రెండు మాటలు చెబితే నిండుగా ఉంటుంది. మామ్మ మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టి ఆపి, సరేనంది. ఆ రాత్రి మిషన్ బల్ల సొరుగులోంచి రెండు అట్టల మధ్య పెట్టి గుడ్డ చుట్టినదాన్ని తీసింది, తుడవకుండా ఉండిపోయిన పలక, కోడి కెలికిన నూట ఇరవై నాలుగు. ఇవాళ చెప్పకపోతే ఇక చెప్పడం ఉండదు. రేకు మీద అబద్ధం చెక్కాక తుడవడానికి అరచెయ్యి చాలదు. చెబుదామనే సంచిలో పెట్టుకొచ్చింది, కానీ ఇప్పుడు చెబితే ఏం మిగులుతుంది, అమ్మ పోగుచేసుకున్న ఒక్క ముత్యమూ రాలిపోతుంది, ఊళ్లో ప్రతివాడూ తనకేసి చూస్తాడు, చెల్లెలికి సున్నా ఇచ్చి తను లోపల కూర్చున్న అక్క అంటాడు. కాదని ఎలా అంటుంది.

పదిహేడు. పద్దెనిమిది. కంచె పక్కది నిండింది. కుళాయి కిందదొక్కటే మిగిలింది, సున్నం కొత్తగా వేసినట్టున్నారు, ఎండకు కళ్లు చెదురుతున్నాయి. లోపల పిల్లలు ఒకరినొకరు చూసుకుంటున్నారు, బలపాలు గరగరమంటున్నాయి, ఒకడు లేచి చూపించి తప్పని వెనక్కి వచ్చాడు. పక్కన ఎవరో ముక్కు ఎగబీల్చారు. మామ్మ ఇంతసేపూ ఆ పిల్లను సరిగ్గా చూడలేదు, ముందు పళ్లు రెండు లేవు, రిబ్బను ఊడి భుజం మీద వేలాడుతోంది, పలక మీద ఇరవై తొమ్మిది రాసి దాని చుట్టూ పువ్వు గీసింది. కిటికీ బయట ఒక తల్లి ఈ పిల్లకేసే చూస్తూ చెయ్యి ఆడిస్తోంది, ఊ, ఊ, చెయ్యి, తొందరగా. పిల్ల గడ్డం వణికింది. శాలువా అంచు లాగింది. సరిగ్గా ఆ చోటే, మోచేతి కింద.

"మామ్మా, చూపించవా."

గది ఎక్కడికో జరిగిపోయినట్టయింది. గడియారం కొట్టుకుంటోంది, బయట పద్దెనిమిది మంది కళ్లు మూసుకుని ఉన్నారు, అయినా వాళ్లంతా కిటికీ వైపే చూస్తున్నారనిపించింది, పంతొమ్మిదోది రాలేదేమా అని. కుళాయి ఎవరూ విప్పలేదు, నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. మామ్మ చెయ్యి దానంతటదే పలక అందుకుంది. బలపం పట్టి ఎన్నేళ్లయిందో, వేళ్లు మరిచిపోలేదు, ఆరు తొమ్మిదులు యాభై నాలుగు, నాలుగు, ఆరు రెళ్లు పన్నెండు, ఐదు కలిపితే పదిహేడు, ఏడు వేసి, దీనికో బెల్టు అని గొణిగి నడుం మీద గీత, పక్కన ఒకటి. నూట డెబ్భై నాలుగు. ఎంత అందంగా ఉందో. పిల్ల మొహం విప్పారింది, చెయ్యి చాచింది, చాచింది కుడిచెయ్యి. ఎడంచెయ్యి ఒళ్లో మూసుకుపోయి ఉంది. వేళ్ల కొసలు తెల్లగా.

మామ్మ పలక వదల్లేదు. బొటనవేలితో ఏడును తుడిచేసింది, బెల్టుతో సహా. ఆ తడి మచ్చలో రెండు వేసింది. నూట ఇరవై నాలుగు. ఇదీ తోక లెక్క. ఇదిగో, పో, చూపించు అంది.

పిల్ల పరుగెత్తింది. గుమ్మం దాకా పది అడుగులు, ఆ పది అడుగులూ మామ్మకు ఊపిరి లేదు, టీచరు ఈ ఒక్కసారి చూసీ చూడనట్టు పంపేస్తే, సున్నా ఖాళీగా ఉందని జాలిపడి పంపేస్తే, పిల్ల కాలు అప్పుడే గడప మీద ఉంది, ఎండ దాని బూటు కొస మీద పడింది. టీచరు వంగి పలక చూసింది. ఇంకోసారి చూసింది.

"తప్పమ్మా. వెళ్లి కూర్చో."

ఆ మాట కోసమే తను అరవై ఒక్క ఏళ్లు ఈ బెంచీ మీదికి వచ్చిందని మామ్మకు అప్పుడు తెలిసింది. తప్పమ్మా, వెళ్లి కూర్చో. ఎంత చల్లటి మాట. పంతులమ్మ అనాల్సిన మాట, ఆవిణ్ని అననివ్వలేదు తను. పిల్ల వెనక్కి తిరిగి ఏడుస్తూ వస్తోంది, కాళ్లీడ్చుకుంటూ, బెంచీల మధ్య నుంచి, ఒకటి, రెండు, మూడో వరస, వచ్చి పక్కన ధబ్బున కూర్చుని మొహం తిప్పేసుకుంది. మామ్మ శాలువా అంచుతో దాన్ని చుట్టేసింది. వెచ్చగా ఉంది. బరువుగా ఉంది. కిటికీ బయట తల్లి నెత్తి కొట్టుకుంది. కొట్టుకోనీ, సాయంత్రం కూతురు ఇంటికొస్తుంది.

ఈల మోగింది. పదకొండూ ఇరవై. ఎవరూ కదల్లేదు, కుళాయి కింద సున్నాలో ఉత్త ఎండ మాత్రం నిలబడి ఉంది. ఇన్నేళ్లలో అది ఖాళీగా ఉండడం ఇదే మొదలు. నీళ్ల చప్పుడు ఆగిపోయింది. మామ్మ పిల్ల ఎడంచెయ్యి తన చేతిలోకి తీసుకుంది, గుప్పెట ఇంకా మూసే ఉంది, చల్లగా, రాయిలా, ఏడెనిమిదేళ్ల చేతికి అంత బిగువెక్కడిది, చిటికెన వేలు విప్పింది, ఉంగరపు వేలు, మధ్య వేలు, ఒక్కొక్కటే, తొందరేం లేదు, ఒక్క నిమిషం ఉంది కదా. ఆఖరికి బొటనవేలు వదిలింది. లోపల ఏమీ లేదు, కాస్త చెమట. ఇప్పుడు కలపాలమ్మా అంది పిల్ల చెవిలో, పన్నెండుకు ఐదు. పిల్ల ముక్కు తుడుచుకుని వేళ్లు లెక్కపెట్టి, పదిహేడు అని గొణిగింది. అంతే. అంతేరా తల్లీ.

మళ్లీ ఈల. ఒక్కసారిగా గోల, మిఠాయి పళ్లేలు, తల్లులు గుమ్మంలోకి తోసుకురావడం. ఖాళీ సున్నా సంగతేమిటని ఎవరో ఎవరినో అడుగుతున్నారు. హెడ్మిస్ట్రెస్సు అద్దాల పెట్టె రెండు చేతులా పట్టుకొచ్చి ముందు బల్ల మీద పెట్టింది, ఇత్తడి రేకు మెరుస్తోంది, పిల్లలు చుట్టూ మూగారు. మామ్మగారు ఇప్పుడు రెండు మాటలు చెబుతారు అంది. అందరూ తిరిగి చూశారు. మామ్మ లేవబోయి మళ్లీ కూర్చుంది, చెప్పకపోయినా ఫరవాలేదేమో, పిల్ల వెనక్కి వచ్చింది కదా, అది చాలదూ అనుకుంది, సంచి మీద నుంచి చెయ్యి తీయబోయింది. అప్పటికే ముందు పళ్లులేని పిల్ల పెట్టె అద్దానికి ముక్కు ఆనించింది. చాలాసేపు చూసింది. వెనక్కి తిరిగి, అందరిలో మామ్మను వెతికి పట్టుకుని, ఫిర్యాదు చేస్తున్నట్టు అడిగింది.

"మామ్మా, ఈ ఏడుకూ బెల్టుందే. ఇది నువ్వు రాసిందే కదా. దీనికి ఒప్పు రాసిచ్చి నాకు తప్పెందుకు రాసిచ్చావు?"

మిఠాయి పళ్లేలు ఆగిపోయాయి. హెడ్మిస్ట్రెస్సు పెట్టెకేసి చూసింది, మామ్మకేసి చూసింది, టీచరు చేతిలో ఇంకా ఉన్న పిల్ల పలకను అందుకుని కిటికీ వెలుతురుకు పట్టింది, రెండు కింద పూర్తిగా చెరగని అడ్డగీత సన్నగా కనిపిస్తోంది. మామ్మ భయపడలేదు. భయం ఎటు పోయిందో తెలియలేదు, గుప్పెట తెరిస్తే లోపల ఏమీ లేనట్టే. సంచిలోంచి గుడ్డ మూట తీసింది, ముడి విప్పింది, పై అట్ట పక్కన పెట్టింది. కోడి కెలికిన మూడు అంకెలు వెలుగులోకి వచ్చాయి.

"ఆ పలక నాదండీ," అంది. "ఇదీ దానిది. మా చెల్లికి లెక్కలు రావు. అది నా పక్కన కూర్చోవాల్సిన పిల్ల."